గుర్రం ఒప్పుకోలేదన్నాడు మా కాంపౌండరు

నాకు కోపం ఎక్కువ. దాచుకుంటే దాగేది కాదు. ముప్పై ఏండ్లు పశువుల డాక్టరుగా చేసినాను గాబట్టి పుంగనూరు నుంచి చౌడేపల్లె దాకా మనుషులకే కాదు, ఆవులకు కూడా ఆ సంగతి తెలుసు. నా స్కూటరు చప్పుడు వినపడితే చాలు, రైతులు బీడీలు ఆర్పేసి, కొట్టంలో పేడ ఎత్తేసి, చేతులు కట్టుకొని నిలబడేవాళ్లు. నేను దాన్ని గౌరవం అనుకునేదాన్ని.

ఇప్పుడు రిటైరై మదనపల్లెలో ఇంటిపట్టున ఉండాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లు అప్పుడప్పుడు వస్తారు. కాఫీ తాగి, "మేడం, మీరు బాగా చేసిన కేసు ఒకటి చెప్పండి" అంటారు. బాగా చేసినవి చెప్పుకోవడానికి ఏముంది నాయనా, అవి ఎవరైనా చెప్తారు. నా చేతిలో చెడిపోబోయిన కేసు ఒకటి ఉండాది. అది చెప్తా వినండి. పేర్లు మాత్రం అడగొద్దు. అందరూ ఈ చుట్టుపక్కలే ఉండారు, సంతలో ఎదురుపడతారు.

అప్పుడు నాది పుంగనూరు పక్కన ఒక చిన్న ఆసుపత్రి. నేనూ ఒక కాంపౌండరూ, అంతే. ఆయప్ప నా ఈడువాడే. నేను యాడికి బదిలీ అయినా ఏడాదికో రెండేండ్లకో ఆయన కూడా ఆడికే వచ్చి పడేవాడు. అట్ల అప్పటికి పద్నాలుగేండ్లు కలిసి చేసినాం. మాట తక్కువ మనిషి. "సరేమ్మా" అనే ఒక్క మాటతో ఆ పద్నాలుగేండ్లూ నెట్టుకొచ్చినాడు. అంత మంచి కాంపౌండరు దొరకడం నా అదృష్టమని కనపడిన వాళ్లందరికీ చెప్పుకునేదాన్ని.

మా పనంతా పాడి ఆవులతోనే. సూది వేయడం, కడుపు కట్టించడం, ఈత కష్టమైతే కోసి దూడను తీయడం. గుర్రం కేసు ఏడాదికి ఒకటి వస్తే ఎక్కువ. జట్కాలు పోయినాక గుర్రాలు యాడుండాయి? పెండ్లికొడుకుల ఊరేగింపుకు పెంచే వాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు, అంతే.

అట్లాంటి ఒక తెల్ల ఆడగుర్రం చౌడేపల్లె దావలో ఒక రైతు ఇంట్లో ఉండేది. ఆ ఇంట్లో మొగాయన టొమాటో పెడతాడు, పట్టుపురుగులు మేపుతాడు. గుర్రం మాత్రం ఆయనది కాదు, ఆయన పెండ్లాంది. ఆయమ్మ నాయన పుంగనూరులో జట్కా తోలినవాడు. ఆయన చివరి గుర్రం ఈనిన పిల్లే ఇది. నాయన పోయినాక ఆయన గుర్తుగా ఆయమ్మకు మిగిలింది ఈ ఒక్క జీవమే. అన్నం తినే ముందు దానికి పెట్టి తినేది. "మా మరదలు అనుకో" అని మొగుడు ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఆయమ్మే ఫోన్ చేసింది. "డాక్టరమ్మా, గుర్రం రెండు దినాలుగా లద్దె వేయలేదు. పొట్ట తిరిగి తిరిగి సూసుకుంటాండాది. కాలితో నేల గోకతాండాది. ఒకసారి రా తల్లీ."

పోయి, లోపల చెయ్యి పెట్టి చూస్తే మోచెయ్యి లోతులో గట్టి ఉండ తగిలింది. చెండంత ఉండాది. పేగుకు అడ్డం పడి అటూ ఇటూ కదలడంలేదు. ఏం తిన్నిందని అడిగితే మొగాయన తల గోక్కున్నాడు. టొమాటో తోట అయిపోయినాక చెట్లన్నీ పీకి గట్టు మీద కుప్ప వేసినాడంట. కొయ్యలకు చెట్లు కట్టే నైలాన్ దారం విప్పే ఓపిక లేక, దారంతోనే పీకి పారేసినాడు. గుర్రం తాడు తెంపుకొని ఆ కుప్ప మీద పడి దారంతో సహా మేసింది. ఆ దారం పేగులో లద్దెతో కలిసి చుట్ట చుట్టుకొని రాయి మాదిరి అయిపోయింది. మదనపల్లె చుట్టూ టొమాటో పండే ఊర్లలో మీరు పని చేసేటట్టయితే ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, పీకిన తోటల దగ్గర పశువును కట్టనీయొద్దు.

కోయక తప్పదు. బెంగుళూరుకు తీసుకుపోదామంటే లారీ ఎక్కేంత బలం దానికి లేదు, దావలోనే పడిపోతుంది. నేను ఆవుల పొట్టలు వందలు కోసినదాన్నే గానీ గుర్రం పొట్ట ఒక్కటీ కోయలేదు. కుప్పంలో ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. బెంగుళూరులో రేసు గుర్రాల దగ్గర రెండేండ్లు చేసి వచ్చినవాడు. వాడికి ఫోన్ చేస్తే "నిలబెట్టి చేద్దాం మేడం, ఎడమ డొక్కలో నుంచి అందుతుంది, నేను వస్తాండాను" అని పలమనేరు మీదుగా మోటారుసైకిల్లో మధ్యాహ్నానికి వచ్చేసినాడు.

ఎక్కడ కోయాలి? కొట్టమంతా ఈగలు. అప్పుడు ఆయమ్మ పట్టుపురుగుల షెడ్డు తాళం తీసింది. పోయిన పంట గూళ్లు అమ్మేసి, షెడ్డు కడిగి, బ్లీచింగు కొట్టి, సున్నం వేసి మూసి పెట్టినారు. రెండు రోజుల్లో కొత్త పురుగులు తెచ్చుకోవాల. మొగాయన గునిసినాడు. "ఒసేయ్, గుర్రాన్ని దాంట్లోకి తోలితే ఇంకో నెల షెడ్డు పనికి రాదు." ఆయమ్మ మొగుడి ముఖం కూడా చూడలేదు. "పురుగులు ఇంకో నెలకు దొరకతాయి. గుర్రం దొరకతాదా?" అని తలుపు బార్లా తెరిచింది. వాకిట్లో బ్లీచింగు నీళ్ల తొట్టి పెట్టి, "కాళ్లు కడుక్కోని లోపలికి పోండి, ఎవురైనా సరే" అని నన్ను కూడా నిలబెట్టింది. నా ఆసుపత్రిలో ఆపరేషన్ గది అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

గుర్రానికి మత్తు సూది, డొక్కకు తిమ్మిరి సూది ఇచ్చినాం. ఆయమ్మ తలకాడ నిలబడి చెవిలో ఏదో చెప్తా ఉండాది. కుప్పం పిల్లోడు కోసినాడు, నేను పేగు పట్టుకున్నాను, కాంపౌండరప్ప సరంజామా అందించినాడు. దారం ఉండ బయటికి తీస్తే కిటికీల కాడ ఊరి జనం ఎగబడి చూసినారు. కడిగి, కుట్టి, మూసేసరికి సాయంత్రం అయింది. "బలేగా చేసినారు మేడం" అన్నాడు వాడు. "నీ దయ లేప్పా" అన్నాను గానీ లోపల మాత్రం ఏనుగెక్కినంత సంబరం. వాడు తన ఊర్లో పని ఉందని వెళ్లిపోతా, "నాలుగో రోజు వచ్చి కుట్లు చూస్తా" అన్నాడు.

నా తప్పు అప్పుడు మొదలయింది.

ఆవును కోసిన ప్రతిసారీ నాకు రక్తం కారడమంటే భయం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆవు నా కండ్ల ముందరే లోపల రక్తం కారి చచ్చిపోయింది. అప్పటి నుంచి ఏ పొట్ట కోసినా రక్తం గడ్డకట్టే సూది ఒకటి వేయించడం నా అలవాటు. ఎవరూ అడగని అలవాటు. గుర్రానికి కూడా వేయించినాను, ఆ రోజొకటి, మరుసటి రోజొకటి. ఎడమ పక్క మెడ నరంలో సెలైన్ కోసం సూది గొట్టం పెట్టి అట్లే ఉంచినాం. గుర్రాన్ని ఎప్పుడూ ఎడమ పక్క నుంచే సమీపించాలనేది గుర్రాలవాళ్ల కట్టుబాటు. జీను వేసేదీ ఎడమ నుంచే, ఎక్కేదీ ఎడమ నుంచే. ఆయమ్మ కూడా "మా నాయన నేర్పింది, కుడి పక్కకు పోతే బెదురుతాది" అని చెప్పింది. సరేలే అని అన్ని సూదులూ, అన్ని సీసాలూ ఆ ఒక్క ఎడమ నరంలోనే ఎక్కించినాం.

రెండో రోజు మదనపల్లె ల్యాబుకు పంపడానికి కాంపౌండరప్ప రక్తం తీసినాడు. సీసాలోకి పోసేలోపలే సిరంజీలోనే గడ్డ కట్టింది. వేరే సిరంజీతో మళ్లీ తీసినాడు. మళ్లీ అట్లే. ఆయప్ప నా దగ్గరికి తెచ్చి చూపించినాడు.

"ఏందమ్మా ఇది, ఇంత బిరీన గడ్డ కడతాండాది?"

నేను నవ్వినాను. నవ్వడమంటే మంచి నవ్వు కాదు, మీకు తెలుసు గదా, పైవాళ్లు కిందివాళ్లను చూసి నవ్వే నవ్వు. "మంచిదే గదప్పా! కారిపోతే ఏడవాల గానీ గడ్డ కడితే ఎందుకు ఏడుస్తావు? మన సూది బాగా పని చేసిందిలే. కుట్లకు భయంలేదు" అన్నాను.

"సరేమ్మా" అన్నాడు.

మూడో రోజు నేను షెడ్డు తలుపు కాడ నిలబడి, కాళ్లు కడుక్కునే ఓపిక లేక, బయట నుంచే కేకేసి అడిగినాను. జ్వరం లేదు, లద్దె కొంచెం వేసింది, నీళ్లు తాగింది. అంతా బాగుండాది. ఆయప్ప మాత్రం మెడ నిమురుతా, "నరం కొంచెం బిరుసుగా ఉండాదమ్మా" అన్నాడు.

"సెలైన్ పోతాందా లేదా?"

"పోతాండాదమ్మా. మెల్లగా."

"పోతాంటే ఇంకేం?"

"సరేమ్మా."

నాలుగో రోజు మదనపల్లెలో మాకు మీటింగు. పెద్దాయన ఒకరు టీకాల లెక్కలు అడుగుతా ఉంటే నేను వెనక వరసలో కూర్చుని ఉండాను. పదిన్నరప్పుడు ఫోన్ వణికింది. బయటికి వచ్చి ఎత్తినాను.

"అమ్మా, సెలైన్ నిలబడిపోయింది. ఒక్క సుక్క కూడా పోవడంలేదు. ఎడమ నరం తాడు మాదిరి అయిపోయింది."

"దానికి ఇంత కంగారెందుకు? ఎడమది పీకేయ్. కుడి పక్క పెట్టు. నేను బయలుదేరతాండా."

"కుడి పక్కనా అమ్మా?"

"ఇంకేం, తోకకు పెడతావా? పెట్టు!" అని ఫోన్ పెట్టేసినాను.

మీటింగులో ఏదో సాకు చెప్పి బయటపడినాను. పుంగనూరు దాటినాక మళ్లీ ఫోన్. స్కూటరు పక్కకు నిలిపి ఎత్తితే ఆయప్ప గొంతు చిన్నగా వచ్చింది. "గుర్రం ఒప్పుకోలేదమ్మా. కుడి పక్కకు రానీలేదు. తన్నబోయింది."

నా ఒంటి మీద కారం చల్లినట్టయింది. "పద్నాలుగేండ్ల సర్వీసు! ఒక గుర్రానికి సూది పెట్టలేవా? ముగ్గురు మనుషుల్ని పిలిచి పట్టుకోమని చెప్పలేవా?" ఇంకా ఏమేమి అన్నానో ఇప్పుడు చెప్తే సిగ్గు. పక్కన టీ కొట్టులో జనం నా పక్కకు తిరిగి చూసినారు. ఆయప్ప అంతా విని, "సరేమ్మా, మీరొచ్చినాక పెడదాం" అన్నాడు.

నేను పోయేసరికి కుప్పం డాక్టరు అప్పుడే మోటారుసైకిలు దిగతాండాడు. ఇద్దరం కాళ్లు కడుక్కొని లోపలికి పోయినాం. గుర్రం తల దించి నిలబడింది. ఎడమ కంటి పైన, దవడ మీద వాపు. మామూలుగా మెడ నరాన్ని వేలితో నొక్కితే మెత్తగా నిండుతుంది, వదిలితే జారిపోతుంది. ఈ నరం దవడ కింద నుంచి రొమ్ము దాకా ఒకే బిగువున ఉండాది. ముట్టుకుంటే గుర్రం ఒళ్లు ముడుచుకుంటాండాది. వాడు ఎడమ పక్క నిమిరి, చుట్టూ తిరిగి పోయి, కుడి పక్క మెడ నరం ఉండే గాడిలో వేళ్లు పెట్టి చాలాసేపు చూసినాడు. వాడి ముఖంలో రంగు మారింది.

"మేడం, ఒక్క నిమిషం బయటికి రండి" అన్నాడు.

షెడ్డు వెనక మల్బరీ తోట గట్టు మీద నిలబడినాం.

"కుడి నరానికి ఎవరైనా సూది పెట్టినారా మేడం?"

"లేదు. గుర్రం ఒప్పుకోలేదంట. నువ్వు పట్టుకో, నేను పెడతా."

"వద్దు మేడం!" అని వాడు గట్టిగా అన్నాడు. నా మీద ఎవరూ గొంతెత్తి చాలా ఏండ్లయింది. వెంటనే తగ్గించుకొని, "పొట్ట కోసినాక గుర్రం రక్తం మామూలుగా ఉండదు మేడం. ఇంత పెద్ద గాయమయింది, మూయాల అని ఒళ్లంతా గడ్డకట్టే పని మీదే ఉంటాది. పేగు దెబ్బతిని ఉంటే ఇంకా ఎక్కువ. కట్టిన గడ్డను కరిగించే శక్తి మాత్రం తగ్గిపోతాది. కోసిన తరువాత కొన్ని రోజులు మనం భయపడాల్సింది రక్తం కారుతుందని కాదు మేడం, గడ్డ కడుతుందని. నరంలో గొట్టం పెట్టి ఉంచితే ఫస్టు దాని చుట్టే కడతాది. అందుకే రేసు గుర్రాల దగ్గర పూటకోసారి మెడ తడిమి చూసేవాళ్లం" అన్నాడు.

"కుడిది బాగుండాది గదా? దాంట్లో పెడితే ఏం?"

"అదీ మూసుకుంటే మేడం? తలలో నుంచి రక్తం కిందికి దిగే పెద్ద దావలు ఆ రెండే. రెండూ మూసుకుంటే తల పొంగతాది, ముక్కులు మూసుకుంటాయి. ఊపిరాడక పోతాది. నా కండ్లతో చూసినా ఒకదాన్ని." మొహమాటంగా అడిగినాడు. "గడ్డకట్టే సూది ఏమన్నా వేసినారా?"

 మొదట నాకు కోపమే వచ్చింది, నిజం చెప్తాండా. నిన్న మొన్న పుట్టినోడు నాకు చెప్పేదేంది అని. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం నాది. ఆ తరువాత సిరంజీ కండ్లలో మెదిలింది. సీసాలోకి పోసేలోపల గడ్డకట్టిన రక్తం. రెండు రోజుల ముందే నా అరచేతిలో పెట్టి చూపించినాడు ఆ మనిషి. నేను దాన్ని శుభమని నవ్వినాను.  గట్టు మీద కూర్చుండిపోయినాను.

"వేసినానప్పా. రెండు" అన్నాను.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆయమ్మకు చెప్పాల. వాడు "నేను చెప్తాలే మేడం, ఇట్ల అవుతా ఉంటాది అని చెప్తా" అన్నాడు. కాదని నేనే పోయినాను. ఆయమ్మ గుర్రం ముందర మల్బరీ ఆకు పట్టుకొని నిలబడి ఉండాది. గుర్రం మూతి తిప్పుకుంటాండాది.

"అమ్మా, నా వల్ల తప్పు జరిగింది. ఆవుకు చేసినట్టు దీనికి చేసినాను. మెడ నరంలో రక్తం గడ్డకట్టింది. నేను ముందే కనుక్కోవాల్సింది, కనుక్కోలేదు" అన్నాను. ముప్పై ఏండ్ల సర్వీసులో ఒక రైతు ముందర నేను ఆ మాట అనడం అదే మొదలు.

ఆయమ్మ ఆకు కింద పెట్టింది. "డాక్టరమ్మా, మేము పురుగులు మేపతాం. వేలు వేలు ఉంటాయి. అయినా దినానికి నాలుగు తూర్లు తట్ట తట్టకూ పోయి వంగి సూస్తాం. ఒక పురుగు తల ఎత్తకుంటే యాల ఎత్తలేదు, ఎందుకని సూస్తాం. ఈడ ఉండేది ఒకే ఒక్క గుర్రం. మూన్నాళ్లలో ఒక్కసారైనా దాని మెడ మీద నువ్వు సెయ్యి పెట్టినావా తల్లీ?"

పెట్టలేదు. తలుపు కాడ నుంచి కేకేసి అడిగి పోయినాను. ఆయమ్మ అరిచి అని ఉంటే నేనూ అరిచేదాన్ని, నాకు చేతనయ్యేది. మెల్లగా అనింది. నాకు ఏడుపొచ్చింది. కండ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడినాను.

"అదంతా పోనీ. ఇప్పుడు బతుకుతాదా, లేదా? అది సెప్పు."

"తెలీదమ్మా. చేయాల్సింది చేస్తాం. మూడు నాలుగు రోజులు గడవాల."

ఆ రోజు చేసింది చెప్తా, మీకు పనికొస్తుంది. గొట్టం పీకేసినాం. మెడకు ఇంక సూది ముట్టించకూడదని తీర్మానం. నీళ్లు, ఉప్పు, చక్కెర ముక్కులో నుంచి పొట్టలోకి గొట్టం వేసి పంపినాం. మిగతా మందులు కండకు. రక్తం పలచబడే మందు మదనపల్లెలో మనుషుల మందుల షాపు నుంచి తెప్పించి చర్మం కింద ఇచ్చినాం. మేత నేల మీద పెట్టకుండా ఎత్తున కట్టినాం, తల దించితే వాపు ఎక్కువవుతుందని. ఎడమ మెడకు వేడినీళ్ల కాపడం, దినానికి ఐదారు తూర్లు. కుప్పం పిల్లోడు తన పని మానుకొని రెండు రోజులు ఈడే ఉండిపోయినాడు.

నేను పొద్దున పోయి పొద్దుగూకినాక వచ్చేదాన్ని. కాళ్లు కడుక్కొని, ప్రతి రెండు గంటలకూ కుడి మెడ మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఆ నరం మెత్తగా నిండితే నాకు ఊపిరి వచ్చేది. ఐదో రోజు వాపు ఇంకొంచెం పెరిగింది. ఎడమ కన్ను సగం మూసుకుంది. ఆయమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు, నేనూ ముట్టలేదు. మొగాయన ఇద్దరికీ మజ్జిగ తెచ్చి ఇచ్చి, గుర్రం పక్క చూడలేక బయటికి పోయి, టొమాటో కుప్పలో దారం ముక్కలు ఏరుతా కూర్చున్నాడు. అప్పుడు ఏరితే ఏం లాభం? అయినా వద్దనాలనిపించలేదు.

ఆరో రోజు వాపు అట్లే నిలిచింది. ఏడో రోజు పొద్దున కన్ను తెరిచింది. నేను పోయేసరికి గుర్రం పైన కట్టిన పచ్చిగడ్డి లాగి లాగి తింటాండాది. ఆయమ్మ నన్ను చూసి వాకిట్లోకి వచ్చింది. లోటాలో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద తానే పోసింది. నాకు అది చాలింది.

కుట్లలో ఒకటి చీము పట్టింది, అది మానడానికి ఇంకో నెల పట్టింది. ఎడమ నరం మళ్లీ తెరుచుకోలేదు. తక్కిన చిన్న నరాలు మెల్లగా ఆ పని నేర్చుకున్నాయి. ఏడాది తిరిగేలోపల పెండ్లికొడుకుల్ని మోసింది.

చెప్పాలనుకున్న కేసు ఇంతవరకే అయితే ఇది డాక్టర్ల కథ. ఇంకొంచెం ఉండాది.

ఆ ఏడో రోజే, మధ్యాహ్నం ఆయమ్మ పెట్టిన సంగటి తిని షెడ్డులోకి వస్తే, కాంపౌండరప్ప గుర్రానికి కుడి పక్క నిలబడి ఉండాడు. కుడి భుజానికి ఆనుకొని, కుడి మెడ గాడిలో వేళ్లు పెట్టి నరం చూస్తాండాడు. గుర్రం చెవి కూడా కదపలేదు. పిల్లి మాదిరి నిలబడి ఆయప్ప చొక్కా జేబు మూతితో తడమతా ఉండాది. అప్పుడు తట్టింది నాకు. మూడు రోజులుగా నేనూ ఆ పక్కకే పోతాండాను, రోజుకు ఆరుసార్లు. ఒక్కసారీ బెదరలేదు.

"ఏమప్పా," అన్నాను, "ఈ గుర్రమేనా ఆ రోజు కుడి పక్కకు రానీలేదు, తన్నబోయింది?"

ఆయప్ప చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. ఎప్పటిలాగే "సరేమ్మా" అంటాడేమో అనుకున్నాను. గుర్రం మూతిని జేబు కాడ నుంచి మెల్లగా పక్కకు తోసినాడు.

"నేను కుడి పక్కకే పోలేదమ్మా ఆ రోజు" అన్నాడు.

"మరి ఒప్పుకోలేదన్నావు?"

"ఎడమ నరం సూసినాక నాకు బయమేసింది. దీన్నీ అట్లే సేస్తామేమో అని. వద్దమ్మా అని సెప్తే మీరు యాల అంటారు. యాల అంటే నాకు తెలీదు. సదువుకోనోడ్ని. ఊరికే మనసుకు తోచింది అంటే తిడతారు." గుర్రం జూలు సర్దినాడు. "గుర్రం ఒప్పుకోలేదు అంటే గుర్రాన్ని తిట్టలేరు గదమ్మా."

ఆయప్ప ఎగతాళిగా అనలేదు. దాక్కునే చోటు ఒకటి దొరికింది, దాక్కున్నా అన్నట్టు చెప్పినాడు. ఆ రోజు ఆయన నా మాట విని ఉంటే గుర్రం చచ్చి ఉండేదేమో. నా మాట వినకుండా ఉండటానికి ఆయనకు ఒక అబద్ధం కావలసి వచ్చింది. టీ కొట్టు ముందర నేను తిట్టిన తిట్లన్నీ నోరు మెదపకుండా తిన్నాడు, గుర్రం ప్రాణం కోసం. నేను వేసిన సూదులకంటే ఎక్కువ నన్ను బాధ పెట్టింది అది. మందు తెలీకపోతే తెలుసుకోవచ్చు. తెలిసినవాడు నా పక్కనే నిలబడి, నాతో చెప్పుకోలేక, గుర్రం పేరు చెప్పినాడే!

పిల్లలూ, మీరు నాకంటే బాగా చదువుకున్నారు. పొట్ట కోసిన గుర్రానికి రక్తం ఎందుకు గడ్డ కడుతుందో మీకు పరీక్షలో అడుగుతారు, మీరు రాస్తారు. నేను చెప్పేది పరీక్షలో రాదు.

మరుసటి రోజు ఆసుపత్రికి ఒక ముసలాయన ఆవును తోలుకొచ్చినాడు. మేత తినడంలేదు, పొదుగు గట్టిపడింది, ఏదో మామూలు కేసే. నేను చూసినాను, మందు కూడా మనసులో అనుకున్నాను. చీటీ రాయబోయి ఆగినాను. ఆవు అవతలి పక్క కాంపౌండరప్ప తాడు పట్టుకొని నిలబడి ఉండాడు.

"ఏమప్పా," అన్నాను, "నీకేమనిపిస్తాంది?"

ఆయప్ప తల తిప్పి వెనక్కు చూసినాడు, నేను ఎవరిని అడుగుతాండానో అని.